తొట్టి కూడా దీవే!

మా బడి నాంపల్లి స్టేషనుకు దగ్గరలో ఉంది. బడి మేడమీద వాడకం మానేసిన పాత సిమెంటు తొట్టి ఒకటుంది. వేసవి సెలవుల్లో అది పూర్తిగా ఎండిపోయింది. అడుగున పిడికెడు దుమ్ము తప్ప ఏమీ మిగల్లేదు. జూన్‌లో బడి తెరిచారు. వానలు పడ్డాయి. తొట్టిలో జానెడు లోతు నీళ్ళు నిలిచాయి. జూలై నెలాఖరున ఒక రోజు ఎనిమిదో తరగతి పిల్లలు పరుగెత్తుకొచ్చి, "సార్! మేడమీద తొట్టి నిండా పురుగులే!" అన్నారు.

వెళ్ళి చూశాను. నీటి పైపొరకు తోక ఆనించి, తలకిందులుగా వేలాడుతూ దోమ డింభకాలు. అడుగు బురదలో దారప్పోగుల్లాంటి ఎర్రటి పురుగులు. కందిగింజంత నల్ల పెంకుపురుగు ఒకటి మునుగుతూ, తేలుతూ తిరుగుతోంది. ఒక మూలగా బురద రంగులో, ఆరు కాళ్ళతో, కదలకుండా పొంచి ఉన్న వింత జీవి మరొకటి. చూస్తూండగానే అది తన కింది పెదవిని మడత విప్పిన చెయ్యిలా ముందుకు చాపి ఒక దోమ డింభకాన్ని పట్టి నోట్లో వేసుకుంది!

"ఇదేంటో తెలుసా? తూనీగ పిల్ల" అన్నాను. పిల్లలు నమ్మలేదు. తూనీగ గాలిలో తిరిగేది కదా! కాని దాని బాల్యమంతా నీళ్ళలోనే గడుస్తుంది. తూనీగ నీటిలో గుడ్లు పెడుతుంది. పిల్ల నీటిలో పెరిగి, చివరికి ఒక పుల్లనో గోడనో పట్టుకుని పైకి ఎక్కి, చర్మం విడిచి, రెక్కలతో ఎగిరిపోతుంది.

అప్పుడొక పిల్లవాడు అడిగాడు: "ఎండాకాలంల ఇది ఎండిపోయుండె గద సార్! దీంట్ల నల్లా నీళ్ళు గూడ రావు. మరి గివన్నీ ఎవరు తెచ్చి ఏసిండ్రు?"

చాలా మంచి ప్రశ్న! ఆ వారంలో ఆ తరగతి పిల్లలిద్దరు జ్వరంతో బడికి రాలేదు. కాబట్టి దోమలున్న తొట్టి సంగతి ఆ సాయంత్రానికల్లా తేల్చవలసిందే. మా తోటి ఉపాధ్యాయుడొకరు, "ఏముంది, నాలుగు గంబూజియా చేపలు తెచ్చి వేస్తే సరి" అన్నారు. ఆ మాట సంగతి చివర చూద్దాం. ముందు ఆ పిల్లవాడి ప్రశ్నకు జవాబు వెతుకుదాం.

ఏది దీవి? ఏది సముద్రం?

చుట్టూ నీళ్ళుండి మధ్యలో నేల ఉంటే దీవి అంటాం. మన హుస్సేన్‌సాగర్ మధ్యలో 1992లో బుద్ధ విగ్రహాన్ని నిలబెట్టిన బండ అలాంటిదే. కాని నీటిలో పుట్టి పెరిగే పురుగు వైపునుంచి ఆలోచించండి. దానికి బతుకుతెరువు నీరు. నేల మీద, మేడల మీద, తారు రోడ్ల మీద అది గుడ్లు పెట్టలేదు. కాబట్టి దాని లెక్కలో నేలే సముద్రం. ఆ సముద్రం మధ్య అక్కడక్కడ ఉన్న చెరువులూ, బావులూ, గుంటలే దీవులు. ఒకవైపు స్టేషను కప్పులు, ఇంకోవైపు అబిడ్స్ మేడలు, మధ్యలో మా తొట్టి. అది ఒక బుల్లి దీవి అన్నమాట.

ఇంకో సంగతి గమనించారా? మన దక్కను పీఠభూమిలోని చెరువుల్లో చాలా వరకు మనుషులు కట్టినవే. హుస్సేన్‌సాగర్‌ను 1562లో కట్టారు. మూసీ నదికి 1908లో వచ్చిన పెద్ద వరద తరువాత ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్‌లను కట్టారు. కట్ట వేసి నీళ్ళు నింపిన తరువాత ఏ రాజూ, ఏ ఇంజనీరూ తూనీగల్ని తెచ్చి వదల్లేదు. నదినుంచీ వాగులనుంచీ కొన్ని నీటితో కొట్టుకు వచ్చి ఉంటాయి. మిగిలినవన్నీ వాటంతట అవే వచ్చాయి.

దారి ఎవరు చెప్పారు?

నీరు ఎక్కడుందో వాటికెలా తెలుస్తుంది? నీటి మీద పడి తిరిగి వచ్చే వెలుతురుకు ఒక ప్రత్యేకత ఉంది. దాని కంపనాలు ఎక్కువగా ఒకే తలంలో ఉంటాయి. దీన్ని ధ్రువిత కాంతి అంటారు. ఈ తేడా మన కంటికి తెలియదు. తూనీగకూ, నీటి పెంకుపురుగుకూ తెలుస్తుంది. పైనుంచి ఎగురుతూ అలాంటి మెరుపు కనబడగానే "అదిగో నీళ్ళు!" అని దిగుతాయి.

అప్పుడప్పుడు మోసపోతాయి కూడా. ఈసారి వానలు వెలిసిన తరువాత అబిడ్స్‌లో ఆగి ఉన్న కార్ల దగ్గర నిలబడి చూడండి. తూనీగ కారు పైకప్పు మీద తోకను టపటప తాకిస్తూ కనిపించవచ్చు. అది ఆట కాదు. మెరిసే రేకును చెరువనుకుని పాపం గుడ్లు పెడుతోంది!

మూడు రకాల ప్రయాణికులు

ఇప్పుడు నిజమైన సముద్రాన్నీ, నిజమైన దీవుల్నీ చూద్దాం. నీటి పురుగులు అక్కడికి మూడు రకాలుగా చేరతాయి.

మొదటిది, సొంత రెక్కలు. చార్లెస్ డార్విన్ బీగిల్ ఓడ మీద వెళ్తున్నప్పుడు, దగ్గరి తీరానికి 45 మైళ్ళ దూరంలో, అంటే సుమారు 72 కిలోమీటర్ల అవతల, మంచినీటి పెంకుపురుగు ఒకటి ఎగిరి వచ్చి ఓడ మీద వాలింది. 1859లో అచ్చయిన తన పుస్తకంలో ఆయన ఈ సంగతి రాశాడు. మంచినీటి జీవి ఉప్పు సముద్రాన్ని దాటడం అసాధ్యం కాదని చెప్పడానికి అదొక సాక్ష్యం.

రెండోది, గాలి. వర్షాకాలం చివర్లో మన ఆటస్థలాల మీద పసుపుపచ్చని తూనీగలు గుంపులు గుంపులుగా తిరుగుతాయి చూశారా? వాటి పేరు పాంటాలా ఫ్లావెసెన్స్. వానకు ఏర్పడిన గుంటల్లో గుడ్లు పెడతాయి. గుంట ఎండేలోగా, సుమారు ఆరు వారాల్లోనే, పిల్లలు పెరిగి ఎగిరిపోతాయి. మా తొట్టిలోని పిల్ల కూడా ఈ జాతిదే కావచ్చు.

హిందూ మహాసముద్రంలోని మాల్దీవుల్లో చార్లెస్ ఆండర్సన్ అనే సముద్ర జీవశాస్త్రజ్ఞుడు ఉండేవాడు. ఏటా అక్టోబరులో అక్కడ హఠాత్తుగా వేల కొద్దీ తూనీగలు దిగడం ఆయన గమనించాడు. అవి పగడపు దీవులు. వాన నీరు ఇసుకలోకి ఇంకిపోతుంది. పైన నిలిచే మంచినీళ్ళు దాదాపు లేవు. మరి ఇన్ని తూనీగలు ఎక్కడివి? ఏళ్ళ తరబడి లెక్కలు రాసి, 2009లో ఆయన తన అభిప్రాయం ప్రకటించాడు. అవి ఇండియా వైపునుంచి వస్తున్నాయి. మాల్దీవుల్లో ఆగి, మళ్ళీ లేచి, తూర్పు ఆఫ్రికాకు పోతున్నాయి! అక్టోబరులో నేలకు దగ్గరగా వీచే గాలి వాటికి ఎదురుగానే ఉంటుంది. కాని వెయ్యి మీటర్ల ఎత్తుకు పైన ఈశాన్యం నుంచి వీచే గాలి వాటిని నెట్టుకు పోతుంది. ఒక తూనీగ బరువు గ్రాములో మూడోవంతు కూడా ఉంటుందో లేదో! మన దేశం మీదుగా ఆఫ్రికాకు వలసపోయే అముర్ డేగలు కూడా అదే దారిన పోతూ వీటిని తింటాయి కాబోలు.

మరి అవి ఇక్కడివేనని రుజువేమిటి? వాన నీటిలో మామూలు హైడ్రోజన్‌తో పాటు భార హైడ్రోజన్ కాస్త ఉంటుంది. ఎంత ఉంటుందన్నది ప్రాంతాన్ని బట్టి మారుతుంది. పిల్ల పెరిగిన నీటి గుర్తు దాని రెక్కలో ఉండిపోతుంది. మాల్దీవుల్లో దొరికిన తూనీగల రెక్కల్ని పరీక్షించి, అవి ఉత్తర భారతంలోనో ఇంకా ఎగువనో పుట్టి ఉండాలని 2012లో శాస్త్రజ్ఞులు తేల్చారు. రెక్క మీదే పుట్టిన ఊరి చిరునామా రాసి ఉందన్నమాట!

మూడోది, ఇంకొకరి వాహనం. డెంగ్యూను వ్యాపింపజేసే ఏడిస్ దోమ ఎక్కువ దూరం ఎగరలేదు. కాని దాని గుడ్లు తడి ఆరిన తొట్టి గోడకో, పాత టైరుకో అతుక్కుని నెలల తరబడి ప్రాణంతో ఉంటాయి. టైరు ఓడ ఎక్కితే గుడ్డు కూడా ఓడ ఎక్కినట్టే. మళ్ళీ నీరు తగలగానే పిల్ల బయటికి వస్తుంది. ఎండిన తొట్టిలో "ఏమీ లేదు" అనుకున్నాం కదా! దాని గోడల మీద కంటికి ఆనని గుడ్లు ఉండే ఉంటాయి.

అందరూ రాలేరు. రెక్కలొచ్చాక ఒకటి రెండు రోజులు మాత్రమే బతికే మేఫ్లై అనే నీటి పురుగుకు మహాసముద్రం దాటే వ్యవధి ఎక్కడిది? అందుకే పసిఫిక్ మహాసముద్రం మధ్యనున్న హవాయి దీవుల్లో సొంత మేఫ్లై జాతి ఒక్కటి కూడా లేదు.

రావడం వేరు, కాపురం ఉండడం వేరు

మాల్దీవులకు తూనీగలు లక్షల్లో వస్తాయి. కాని నీళ్ళు లేవు గనుక నిలవవు. అది వాటికి మజిలీ మాత్రమే. దీవిలో నిలవాలంటే మంచినీరు కావాలి, తిండి కావాలి, జత కావాలి. మా తొట్టిలోనే చూడండి. ముందు దోమ డింభకాలు, ఎర్ర పురుగులు రాకపోతే వాటిని తిని బతికే తూనీగ పిల్ల నిలిచేది కాదు. వచ్చే వరుస కూడా ముఖ్యమే.

దీవి దగ్గరలో ఉండి, పెద్దదైతే ఎక్కువ జాతులు చేరి నిలుస్తాయి. దూరంగా, చిన్నదిగా ఉంటే తక్కువ. రాబర్ట్ మెకార్థర్, ఎడ్వర్డ్ విల్సన్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు 1967లో ఈ విషయాన్ని లెక్కలతో సహా ఒక పుస్తకంగా రాశారు.

కొత్త జాతి ఎప్పుడు పుడుతుంది?

ఇక్కడే అసలు తమాషా ఉంది. హుస్సేన్‌సాగర్ కట్టి 460 ఏళ్ళు దాటింది. అయినా "హుస్సేన్‌సాగర్ తూనీగ" అనే వేరే జాతి పుట్టలేదు. ఎందుకు పుట్టలేదు?

మన నాంపల్లి స్టేషన్‌నే తీసుకోండి. రోజూ రైళ్ళు వస్తాయి, పోతాయి. గుంటూరు మాట, కరీంనగర్ మాట, మరాఠీ, ఉర్దూ ఇక్కడ కలుస్తూనే ఉంటాయి. ఇలా రాకపోకలు ఉన్నంత కాలం ఇక్కడివాళ్ళకు బయటివాళ్ళకు అర్థం కాని భాష ఏర్పడదు. అదే రైళ్ళూ రోడ్లూ ఆగిపోయి, వేల ఏళ్ళు ఎవరూ రాకపోతే? మాట మెల్లమెల్లగా మారి, చివరికి వేరే భాషే అవుతుంది.

జీవుల్లోనూ అంతే. ప్రతి తరంలోనూ పిల్లల్లో చిన్న చిన్న తేడాలు పుడతాయి. ఆ చోటికి నప్పిన తేడా ఉన్నవి ఎక్కువగా బతికి పిల్లల్ని కంటాయి. దీన్నే ప్రకృతి వరణం అంటారు. కాని బయటినుంచి కొత్తవాళ్ళు వచ్చి కలుస్తుంటే ఆ తేడాలు నిలవడం కష్టం. మన పాంటాలా తూనీగ వేడి దేశాలన్నిటా ఉంది. ఇండియా, జపాన్, అమెరికా వంటి దూరదేశాల తూనీగల్ని పోల్చి 2016లో ప్రకటించిన జన్యు పరిశీలనలో, అవి ఖండాలు దాటి కలిసిపోతున్నట్టు తేలింది. గొప్ప ప్రయాణికురాలు కనుకనే ఎక్కడికి పోయినా అది దాదాపు ఒక్కలాగే ఉంది!

ఇప్పుడు హవాయికి వెళ్దాం. దగ్గరి ఖండానికి సుమారు 3,800 కిలోమీటర్ల దూరం. సముద్రం అడుగునుంచి అగ్నిపర్వతాలు లేచి ఏర్పడిన దీవులవి. ఇప్పుడున్న పెద్ద దీవుల్లో పాతదైన కవాయి వయస్సు 50 లక్షల ఏళ్ళు. అక్కడికి సుమారు కోటి ఏళ్ళ కిందట, ఇప్పుడు సముద్రంలో మునిగి ఉన్న పాత దీవుల మీదకు, డామ్‌సెల్‌ఫ్లై అనే సన్నని రకం తూనీగ ఒకటి చేరిందని అంచనా. మన చెరువుగట్ల మీద రెక్కలు మూసుకుని వాలే సూదుల్లాంటి తూనీగలు ఈ రకానివే. అంత దూరం మళ్ళీ మళ్ళీ ఎవరూ రాలేదు. పోటీకి మేఫ్లైల వంటివి లేవు. ఒక్కో లోయలో, ఒక్కో దీవిలో వేరుపడి, ఆ ఒక్క కుటుంబం నుంచే 20కి పైగా జాతులు పుట్టాయి. వీటన్నిటినీ కలిపి మెగాలాగ్రియాన్ అంటారు.

వాటి పిల్లల్ని చూడండి. కొన్ని జాతుల్లో సెలయేళ్ళలో పెరుగుతాయి. కొన్నిటిలో నీరు ఊరే తడి బండల మీద పాకుతాయి. కొన్నిటిలో మొక్కల ఆకుల మొదట నిలిచిన గుక్కెడు నీటిలో పెరుగుతాయి. ఒక జాతి పిల్లలైతే నీటినే వదిలేసి, అడవిలో రాలిన తడి ఆకుల మధ్య నేలమీద బతుకుతాయి! తూనీగ పిల్ల నేలమీద తిరగడమంటే, చేప చెట్టెక్కినంత వింత.

అంటే ఏం తేలింది? దీవికి చేర్చేది రెక్క. కాని కొత్త జాతి పుట్టేది ఆ రెక్కకు పని తగ్గినప్పుడే. మదీరా దీవిలో అప్పటికి తెలిసిన 550 పెంకుపురుగుల జాతుల్లో 200 జాతులు ఎగరలేనివని డార్విన్ రాశాడు. ఎక్కువగా ఎగిరేవి గాలికి సముద్రంలో పడిపోతాయి, సోమరులు మిగులుతాయి అని ఆయన వివరణ. పసిఫిక్‌లోనే ఈస్టర్ దీవి ఉంది. అక్కడున్న ఒకే ఒక తూనీగ మన పాంటాలాయే. అది రెక్కల్లోనూ, ప్రవర్తనలోనూ కాస్త వేరుపడుతోందని 1998లో ఇద్దరు పరిశోధకులు రాశారు. కొత్త జాతికి అది తొలి మెట్టేమో! తేలడానికి వేల ఏళ్ళు పడుతుంది.

మనిషి ఇచ్చిన రెక్కలు

కోటి ఏళ్ళు హవాయిని కాపాడింది దూరమే. అక్కడ ఒకప్పుడు దోమ లేదు. 1826లో ఒక ఓడ మంచినీటి కోసం లాహైనా రేవులో ఆగింది. ఓడలోని పీపాల అడుగున మిగిలిన పాత నీటితో పాటు దోమ డింభకాలు దీవిలోకి దిగాయని చెబుతారు. ఆ దోమ క్యూలెక్స్. మన నాంపల్లి మురుగుకాలవల్లో పెరిగే అదే దోమ!

1897 ఆగస్టు 20న మన సికిందరాబాదులోనే రొనాల్డ్ రాస్ అనాఫిలిస్ దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని కనిపెట్టాడు. మరుసటి సంవత్సరం కలకత్తాలో, పక్షులకు మలేరియాను చేరవేసేది క్యూలెక్స్ దోమ అని నిరూపించాడు. ఆ పక్షి మలేరియాయే, బయటినుంచి తెచ్చిన పక్షులతో హవాయికి చేరింది. దోమ ఎరుగని పక్షులకు దాన్ని తట్టుకునే శక్తి లేదు. అడవుల నరికివేత, ఎలుకలు, ఈ జబ్బు అన్నీ కలిసి, 50కి పైగా ఉన్న తేనె పిట్టల జాతుల్లో ఇప్పుడు 17 మాత్రమే మిగిలాయి.

ఇక మా తోటి ఉపాధ్యాయుడు చెప్పిన గంబూజియా. అమెరికా ఖండపు ఈ చిన్న చేప దోమ డింభకాల్ని తింటుంది. హవాయిలో 1905లో వదిలారు. మన దేశానికి 1928లో తెచ్చారు. హైదరాబాదు చెరువుల్లోనూ వదులుతుంటారు. కాని చేపకు దోమపిల్ల, తూనీగపిల్ల తేడా లేదు. హవాయిలో ఇలాంటి చేపల్ని ఎరుగని సన్న తూనీగల పిల్లలు దానికి సులువుగా చిక్కాయి. పల్లపు సెలయేళ్ళలో కొన్ని జాతులు కనబడకుండా పోయాయి. 2010 నుంచి కొన్నిటిని అంతరించే ప్రమాదంలో ఉన్నవిగా అమెరికా ప్రభుత్వం ప్రకటించింది. కోటి ఏళ్ళలో తయారైనది నూరేళ్ళలో పోతోంది.

మా తొట్టి ఏమైంది?

చేపలు తేలేదు. ఆ సాయంత్రమే నీటిని గుడ్డలో వడకట్టాం. ఆరు తూనీగ పిల్లలు దొరికాయి. పెంకుపురుగుతో పాటు వాటిని మగ్గులో వేసుకుని పబ్లిక్ గార్డెన్స్ కొలనులో వదిలి వచ్చాం. అవి ఎగిరి వచ్చిన చోటు అలాంటిదే కదా! దోమ డింభకాలున్న నీటిని ఎండిన నేలమీద పోశాం. తొట్టి గోడల్ని పీచుతో గట్టిగా రుద్ది, బోర్లించాం. ఎందుకు రుద్దామో మీకిప్పుడు తెలుసు. జ్వరం వచ్చిన పిల్లలిద్దరూ వారం తిరిగేసరికి బడికి వచ్చారు. వాళ్ళకు ఈ కథంతా మిగతావాళ్ళే చెప్పారు.

మీరూ చేసి చూడండి. వానాకాలంలో రెండు తెల్ల బేసిన్లలో వాన నీరు పోసి, ఒకటి చెరువుకో తోటకో దగ్గరగా, ఒకటి దూరంగా మేడమీద పెట్టండి. రోజూ ఏవి వచ్చాయో రాసుకోండి. నాలుగో రోజున తప్పకుండా నేలమీద పారబోసి, బేసిన్లు రుద్ది కడగండి. ఇంకా ఉంచితే దోమలు పుడతాయి, జాగ్రత్త! దగ్గరి దీవికీ, దూరపు దీవికీ తేడా మీ నోటుపుస్తకంలోనే కనబడుతుంది.

"ఎవరు తెచ్చి ఏసిండ్రు?" అని అడిగిన పిల్లవాడు ఇంటికి వెళ్ళేముందు బోర్లించిన తొట్టి వైపు చూసి అన్నాడు: "వచ్చే వానలకు మళ్ళ వస్తయా సార్?"

వస్తాయి. మన ఊళ్ళో చెరువులు మిగిలి ఉంటే.